తఅస్సుబ్ కాదు భాయీ, తఫ్రీఖ్ లెక్క

సిరాజ్ పేరు మీద మన మొహల్లా వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ ఏడాదికి పైగా తిరుగుతోంది. 2024 అక్టోబర్ 31న బెంగళూరు టీమ్ ముగ్గురినే అట్టిపెట్టుకుని సిరాజ్‌ను వదిలేసిన రోజు పుట్టింది అది. "మనవాడు కాబట్టే తీసేశారు" అని దాని సారాంశం. 2025 నవంబర్‌లో సన్‌రైజర్స్ హైదరాబాద్ మహమ్మద్ షమీని లక్నోకు ఇచ్చేశాక అదే ఫార్వర్డ్ పేరు మార్చుకుని మళ్లీ వచ్చింది. సూళ్లూరుపేట నుంచి వచ్చింది, తడ నుంచి వచ్చింది, చెన్నైలో ఉద్యోగం చేసే మన పిల్లల దగ్గర్నుంచి వచ్చింది. పంపినవాళ్లలో టీచర్లున్నారు, ఒక హాజీ సాబ్ కూడా ఉన్నారు. ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాసే ఓపిక లేక అందరికీ ఇక్కడే రాస్తున్నాను.

నా మాట ముందే చెప్పేస్తాను, నచ్చనివాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. సిరాజ్‌ను తీసేసింది తఅస్సుబ్ కాదు, హిసాబ్. ఆ హిసాబ్‌లో జుల్మ్ ఉంది, చాలానే ఉంది. కానీ అది పేరు చూసి చేసిన జుల్మ్ కాదు, పని చూసి చేసింది. మనం తప్పు తలుపు కొడుతూ కూర్చుంటే, అసలు తలుపు వెనకున్నవాళ్లు హాయిగా చాయ్ తాగుతున్నారు.

తఅస్సుబ్ అసలే లేదని నేననడం లేదు. 2021 జనవరిలో సిడ్నీ మైదానంలో బౌండరీ దగ్గర నిలబడ్డ సిరాజ్‌ను ప్రేక్షకులు తిట్టారు, ఆట ఆగింది, కొందర్ని స్టాండ్స్ నుంచి బయటికి పంపారు. తండ్రి మహమ్మద్ ఘౌస్ సాబ్, హైదరాబాద్‌లో ఆటో నడిపి కొడుకును బౌలర్‌ని చేసిన మనిషి, అదే టూర్ మొదట్లో, 2020 నవంబర్‌లో, ఇంతెఖాల్ అయ్యారు. జనాజాకు రాకుండా అక్కడే ఉండిపోయిన కుర్రవాడికి ఆ మర్యాద దక్కింది. అదే ఏడాది అక్టోబర్‌లో దుబాయ్‌లో పాకిస్తాన్ చేతిలో ఓడితే షమీ మీద మన దేశంలోనే ఎంత విషం కక్కారో మీరూ నేనూ చూశాం. అది తఅస్సుబ్. దానికి ఆ పేరే పెట్టాలి. కానీ ప్రతి నష్టానికీ అదే పేరు పెడితే, రేపు నిజంగా తఅస్సుబ్ జరిగిన రోజు మన మాట ఎవడూ వినడు.

ఇక లెక్కలోకి రండి. నేను ఉర్దూ మీడియంలో చదివినవాణ్ణి. కూడికను జమా అనీ, తీసివేతను తఫ్రీఖ్ అనీ, గుణకారాన్ని జర్బ్ అనీ, భాగహారాన్ని తఖ్సీమ్ అనీ నేర్చుకున్నాను. తఫ్రీఖ్ అంటే తీసివేత, మనుషుల మధ్య తేడా చూపడం కూడా తఫ్రీఖే. మన ఫార్వర్డ్ రాసినాయన రెండో అర్థం చదివాడు. బెంగళూరు టీమ్ ఆఫీసులో నడిచింది మొదటి అర్థం.

2025 సీజన్ కోసం ఒక్కో ఐపీఎల్ టీమ్‌కు వేలం పర్సు 120 కోట్లు. అంతకంటే ఒక్క రూపాయి ఎక్కువ పెట్టకూడదు, యజమాని ఎంత అమీరైనా సరే. పాత ఆటగాళ్లను అట్టిపెట్టుకుంటే వేలానికి ముందే పర్సు నుంచి కోత పడుతుంది. ఇండియాకు ఆడినవాణ్ణి గానీ విదేశీయుణ్ణి గానీ ఉంచుకుంటే మొదటివాడికి 18 కోట్లు, రెండోవాడికి 14, మూడోవాడికి 11, నాలుగోవాడికి మళ్లీ 18, ఐదోవాడికి 14. ఇండియాకు ఆడని కుర్రాడైతే 4 కోట్లే.

బెంగళూరు ఏం చేసింది? కోహ్లీకి 21, రజత్ పాటీదార్‌కు 11. రెండూ కలిపితే 32, అంటే మొదటి రెండు స్థానాల 18, 14. తర్వాత యశ్ దయాళ్‌కు 5 కోట్లు. మొత్తం 37, పర్సులో మిగిలింది 83. సిరాజ్‌ను ఉంచుకోవాలంటే మూడో స్థానం ఇవ్వాలి, అంటే 11 కోట్ల కోత. దయాళ్ అప్పటికి ఇండియాకు ఆడలేదు కాబట్టి సగం ధర కూడా కాలేదు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి, ఎవరూ మాట్లాడని సంగతి ఇదే. సిరాజ్ ఇండియాకు ఆడి ఉండకపోతే అతన్ని ఉంచుకోవడం చవక. దేశం టోపీ పెట్టుకోవడమే అతన్ని టీమ్‌కు బరువు చేసింది. పదేళ్ల మెహనత్ చేసి పైమెట్టు ఎక్కినవాడికి, ఆ మెట్టే కింద ఉన్న నేలను లాగేస్తుంది. ఏ ఫ్యాక్టరీలోనైనా, శ్రీసిటీలో మన పిల్లలు పనిచేసే ఏ కంపెనీలోనైనా, "నువ్వు పని బాగా నేర్చుకున్నావు, కాబట్టి నిన్ను పెట్టుకోలేం, పక్కనున్న కొత్తవాడు చవక" అంటే మనం దాన్ని ఏమంటాం? ఆ మాటే అందాం. కొత్తవాడి మతం అడగాల్సిన పని లేదు.

నవంబర్ 24, 25 తేదీల్లో వేలం జరిగింది జెద్దాలో. మన హాజీలు దిగే ఊళ్లో బౌలర్ల ధర పలికింది, అదొక తమాషా. సిరాజ్‌కు గుజరాత్ టైటాన్స్ 12.25 కోట్లు అంది. పాత టీమ్‌కు రైట్ టు మ్యాచ్ కార్డు అని ఒకటుంటుంది, దాన్ని వాడితే వెనక్కి తెచ్చుకోవచ్చు. బెంగళూరును అడిగారు, వద్దన్నారు. ఏడు సీజన్ల నౌకరీ ఆ తల అడ్డంగా ఊపడంతో అయిపోయింది. 2020లో అబుధాబిలో కోల్‌కతా మీద 8 పరుగులకే 3 వికెట్లు, రెండు మెయిడెన్లు వేసినవాడు, 2023లో 19 వికెట్లు తీసినవాడు.

మరి ఆ డబ్బుతో బెంగళూరు ఏం కొంది? జోష్ హేజిల్‌వుడ్‌కు 12.50 కోట్లు, భువనేశ్వర్ కుమార్‌కు 10.75 కోట్లు. 2025 జూన్ 3న అహ్మదాబాద్‌లో, పద్దెనిమిదో సీజన్‌లో, మొదటిసారి కప్పు ఎత్తారు. ఫైనల్‌లో భువనేశ్వర్‌కు 2 వికెట్లు. తఅస్సుబ్ అనేవాళ్లు ఈ సంగతి దాటవేస్తారు. నాకూ మింగుడుపడని సంగతే, అయినా చెప్పాలి: వాళ్ల తఫ్రీఖ్ వాళ్లకు ఫలించింది. అటు సిరాజ్ కూడా ఊరుకోలేదు. ఏప్రిల్ 2న అదే చిన్నస్వామిలో 19 పరుగులకు 3 వికెట్లు, నాలుగు రోజుల తర్వాత ఉప్పల్‌లో మన సన్‌రైజర్స్ మీద 17 పరుగులకు 4. రెండు చోట్లా ప్లేయర్ ఆఫ్ ద మ్యాచ్ అతనే. వదిలేసిన రెండు ఊళ్లకూ వారంలోపే జవాబిచ్చాడు.

రెండు ఊళ్లనడానికి కారణముంది. సిరాజ్‌ను మొదట వదిలింది బెంగళూరు కాదు, మన హైదరాబాదే. 2017లో సన్‌రైజర్స్ అతన్ని 2.6 కోట్లకు కొన్నారు. మరుసటి ఏడాది వార్నర్‌నూ భువనేశ్వర్‌నూ మాత్రం ఉంచుకుని మిగతా అందర్నీ వేలానికి పంపారు. సొంత ఊరి కుర్రాణ్ణి బెంగళూరు అదే 2.6 కోట్లకు ఎత్తుకుపోయింది. ఆరెంజ్ జెర్సీ వేసుకుని ఉప్పల్‌కు వెళ్లే మన జనంలో ఎంతమందికి ఇది గుర్తుంది?

సన్‌రైజర్స్ మీద ఇంకో ఆరోపణ రషీద్ ఖాన్ గురించి. 2021 చివర్లో పర్సు 90 కోట్లున్నప్పుడు వాళ్లు కేన్ విలియమ్సన్‌ను 14 కోట్లకు ఉంచుకుని, ప్రపంచంలో ఏ టీమైనా కోరుకునే స్పిన్నర్‌ను వదిలేశారు. గుజరాత్ అతనికి 15 కోట్లిచ్చి, 2022లో మొదటి సీజన్‌లోనే కప్పు కొట్టింది. సన్‌రైజర్స్ ఆ ఏడాది ఎనిమిదో స్థానం, తర్వాతి ఏడాది పదో స్థానం. బేవఖూఫీ అనండి, ఒప్పుకుంటాను. కానీ అదే రోజు అదే టీమ్ ఇంకెవర్ని ఉంచుకుందో చూడండి: అబ్దుల్ సమద్, ఉమ్రాన్ మలిక్. జమ్మూ నుంచి వచ్చిన ఇద్దరు ముసల్మాన్ కుర్రాళ్లు, ఇద్దరికీ నాలుగేసి కోట్లు. ఇండియాకు ఆడనివాళ్లకు పెట్టిన చవక ధర అది. మజ్‌హబ్ చూసి తీసేసేవాడు అదే చేత్తో ఈ ఇద్దర్నీ ఎందుకు పట్టుకుంటాడు? ధర చూశాడు, పట్టుకున్నాడు.

ఇక నా అసలు కోపం. ఈ లెక్కలో ఎప్పుడూ ముందుగా తెగేది ఫాస్ట్ బౌలర్ మెడ. బ్యాటర్‌ను టీములు సొంతం చేసుకుంటాయి, పేసర్‌ను అద్దెకు తెచ్చుకుంటాయి. 2024 అక్టోబర్‌లో సన్‌రైజర్స్ ఐదుగురికి 75 కోట్లు పెట్టింది: క్లాసెన్ 23, కమిన్స్ 18, హెడ్ 14, అభిషేక్ శర్మ 14, మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 6. కెప్టెన్ కమిన్స్‌ను పక్కన పెడితే అందరూ బ్యాట్‌తో పేరు తెచ్చుకున్నవాళ్లే. పదకొండు సీజన్లు ఆడి, 2016లోనూ 2017లోనూ పర్పుల్ క్యాప్ తెచ్చిన భువనేశ్వర్ బయటికి. నటరాజన్ బయటికి. మిగిలిన 45 కోట్లలో ఇషాన్ కిషన్‌కు 11.25, షమీకి 10, హర్షల్ పటేల్‌కు 8 పోగా చేతిలో ఉన్నది 15.75 కోట్లు. జట్టులో కనీసం 18 మంది ఉండాలి. అంటే ఇంకా పదిమందిని అందులోనే సర్దుకోవాలి. మొదటి మ్యాచ్‌లో రాజస్థాన్ మీద 286 కొట్టారు, మనం ఇళ్లల్లో ఈద్ ముందే వచ్చినట్టు కేకలేశాం. తర్వాత వరసగా నాలుగు ఓడారు. చివరికి ఆరో స్థానం.

భువనేశ్వర్ ధరల చరిత్ర ఒక్కటి చాలు. 2018లో 8.5 కోట్లు, 2022లో 4.2 కోట్లు, 2024 చివర్లో, ముప్పై నాలుగేళ్ల వయసులో, 10.75 కోట్లు. మనిషి అదే, స్వింగ్ అదే. వయసు పెరిగింది, ధర సగమై మళ్లీ రెట్టింపు దాటింది. మిచెల్ స్టార్క్‌ను చూడండి. 2023 డిసెంబర్‌లో కోల్‌కతా 24.75 కోట్లు పెట్టింది. 2024 ఫైనల్‌లో మన సన్‌రైజర్స్‌ను 113కే కూల్చడంలో ముందున్నది అతనే, ప్లేయర్ ఆఫ్ ద మ్యాచ్ అతనే. కప్పు గెలిపించిన ఐదు నెలలకు వదిలేశారు, ఢిల్లీ 11.75 కోట్లకు తీసుకుంది. ముంబై బుమ్రాను 18 కోట్లకు ఉంచుకుంది కదా అంటారు. నిజమే. ప్రపంచానికి ఒక్క బుమ్రా ఉంటే ఉంచుకుంటారు. రెండో వరసలో నిలబడ్డ ఫాస్ట్ బౌలర్ల సంగతి నేను అడుగుతున్నది.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన బంధువుల్ని అడిగితే, అమెరికన్ ఫుట్‌బాల్‌లో రన్నింగ్ బ్యాక్ అనేవాడి కథ చెబుతారు. బంతి చంకలో పెట్టుకుని ఎదురుగా వచ్చే గోడల్లాంటి మనుషుల్ని గుద్దుకుంటూ ముందుకు పోవడం అతని పని. ఒళ్లు అరిగిపోయే పని, అందుకే అక్కడా జీతాల హద్దు వచ్చేసరికి ముందు అతని మీదే కత్తి పడుతుంది. న్యూయార్క్ జెయింట్స్ అనే టీమ్ 2023లో తన క్వార్టర్‌బ్యాక్‌కు నాలుగేళ్లకు 160 మిలియన్ డాలర్ల ఒప్పందం ఇచ్చింది, ఆరేళ్లు తమకోసం పరుగెత్తిన సేక్వాన్ బార్క్‌లీని 2024లో పోనిచ్చింది. పక్క ఊరి ఫిలడెల్ఫియా అతన్ని తీసుకుంది. ఆ సీజన్‌లో 2,005 గజాలు పరుగెత్తాడు. 2025 ఫిబ్రవరి 9న, తన పుట్టినరోజునే, సూపర్ బౌల్ గెలిచాడు. జెయింట్స్ నమ్ముకున్న ఆ క్వార్టర్‌బ్యాక్‌ను అప్పటికే వాళ్లే తీసేశారు. బార్క్‌లీ మన మజ్‌హబ్ కాదు, మన దేశం కాదు. అయినా సిరాజ్ కథకు తోబుట్టువులాంటి కథ. చెమట ఎక్కువ కారే పనికి విలువ తక్కువ, ఇది ఖండాలు దాటిన హిసాబ్.

కానీ ఒక పెద్ద తేడా ఉంది, మనం రాయాల్సిందీ అరవాల్సిందీ దాని గురించే. అమెరికాలో ఆ హద్దు గీసేటప్పుడు బల్లకు అవతల ఆటగాళ్ల యూనియన్ కూర్చుంటుంది. ఒప్పందం ప్రకారం లీగ్ రాబడిలో సుమారు 48 శాతం ఆటగాళ్లది. యూనియన్ ఉన్నా రన్నింగ్ బ్యాక్ నలుగుతూనే ఉన్నాడు, అది వేరే సంగతి. రొట్టె మాత్రం సగం వాళ్ల పళ్లెంలోకి వస్తుంది. ఇక్కడ? ఐపీఎల్ 2023 నుంచి 2027 వరకు ఐదేళ్ల ప్రసార హక్కులు 48,390 కోట్లకు అమ్ముడయ్యాయి. ఏడాదికి 9,678 కోట్లు. 2025లో పర్సు, మ్యాచ్ ఫీజులు, ఇతర చెల్లింపులు అన్నీ కలిపినా ఒక్కో టీమ్‌కు హద్దు 146 కోట్లు. పది టీములకు 1,460 కోట్లు. తఖ్సీమ్ చేయండి: పదిహేను శాతం. అదీ టీవీ, మొబైల్ డబ్బుతో పోలిస్తేనే. టికెట్లు, జెర్సీ మీద ప్రకటనలు ఇందులో కలపలేదు.

ఆ 120ని ఎవరు గీశారు? బోర్డు, యజమానులు. 18, 14, 11 అని మెట్లు ఎవరు కట్టారు? వాళ్లే. ఇప్పుడు ఆడుతున్న భారత ఆటగాళ్లకు యూనియన్ లేదు. 2019లో ఏర్పడిన క్రికెటర్ల సంఘం రిటైరైనవాళ్లది. అంటే నిన్నటి మజ్దూర్‌కు సంఘముంది, ఇవాళ పనిచేస్తున్నవాడికి లేదు. "పర్సులో డబ్బు లేదు, ఏం చేయమంటారు" అని యజమాని చేతులు చాచినప్పుడు, ఆ పర్సు కుట్టింది తనేనన్న మాట మాత్రం చెప్పడు. సిరాజ్ అభిమాని దయాళ్‌ను తిడతాడు, భువనేశ్వర్ అభిమాని క్లాసెన్‌ను తిడతాడు, యజమాని బచ్ గయా.

హద్దులే వద్దని నేననను. హద్దు లేకపోతే ముంబై ఒక్కటే అందర్నీ కొనేస్తుంది. మా పులికాట్ సరస్సులో, ముఖ్యంగా తమిళనాడు వైపు జాలరి ఊళ్లలో, పాడు అనే పాత కట్టుబాటు ఉంది. రొయ్యలు బాగా పడే చోట్లను చీటీ తీసి, వంతులవారీగా పంచుకుంటారు. ఇవాళ మంచి చోటు దొరికినవాడు రేపు ఇంకొకడికి వదలాలి. అదీ హద్దే. కానీ ఆ హద్దును నీళ్లలో దిగి వల వేసేవాళ్లే కూర్చుని గీసుకున్నారు. ఆ కట్టుబాటుకు బయట మిగిలిపోయినవాళ్ల తగాదాలు వేరే ఉన్నాయి, నేనేమీ జన్నత్ అనడం లేదు. ఐపీఎల్ హద్దును గీసేచోట మాత్రం వల వేసేవాడి నీడ కూడా పడనివ్వరు.

ఏం చేయాలంటే, దారి లేకపోలేదు. అమెరికా బాస్కెట్‌బాల్‌లో లారీ బర్డ్ పేరుతో పిలిచే నియమం ఒకటి నలభై ఏళ్లుగా ఉంది. తమ దగ్గర కొన్నేళ్లు ఆడినవాణ్ణి ఉంచుకోవడానికి టీమ్ జీతాల హద్దు దాటొచ్చు. అదే ఇక్కడ పెట్టండి. ఒకే టీమ్‌కు ఐదేళ్లు ఆడినవాణ్ణి ఉంచుకుంటే, అతని జీతంలో సగమే పర్సు లెక్కలోకి రానివ్వండి. అప్పుడు ఏడేళ్ల సిరాజ్ 11 కోట్ల బరువు కాడు, ఐదున్నర కోట్ల బరువు. దయాళ్‌తో ఇంచుమించు సమానం. అప్పుడు కూడా బెంగళూరు వద్దనుకుంటే అది ఆట మీద తీర్పు, ఒప్పుకుంటాం. ఐదేళ్లు ఎందుకంటే, మన దేశంలో 1972 నాటి గ్రాట్యుటీ చట్టం గుమస్తాకు ఐదేళ్ల నౌకరీకి గుర్తింపు ఇచ్చింది కాబట్టి. గుమస్తా పాటి గౌరవం బౌలర్‌కు అక్కర్లేదా? రెండోది, ఇండియా టోపీ పెట్టుకున్నందుకు ధర మెట్టు అమాంతం ఎక్కే పద్ధతి తీసేయాలి. మెల్లగా ఎక్కనివ్వండి, ఆడిన మ్యాచ్‌లను బట్టి.

"కోటీశ్వరుల కోసం మనకెందుకు ఏడుపు?" అని మా ఇంట్లోనే అడిగారు. సిరాజ్‌కు 7 కోట్లు పోయి 12.25 వచ్చాయి, ఆయన బాగానే ఉన్నారు, షుక్ర్. తెలంగాణ సర్కారు డీఎస్పీ ఉద్యోగం కూడా ఇచ్చింది. 2025 ఆగస్టులో ఓవల్‌లో ఐదు వికెట్లు తీసి ఇండియాను 6 పరుగుల తేడాతో గెలిపించాడు, ఆ సిరీస్‌లో 23 వికెట్లు. ఆయన కోసం నేను కన్నీళ్లు పెట్టడం లేదు.

ఉమ్రాన్ మలిక్ కోసం అడుగుతున్నాను. 2022లో గంటకు 150 కిలోమీటర్లు దాటిన బంతులు వేసి 22 వికెట్లు తీశాడు, ఎమర్జింగ్ ప్లేయర్ అవార్డు తీసుకున్నాడు. మన గల్లీల్లో ప్రతి పదేళ్ల పిల్లవాడూ రనప్ పొడుగు చేసుకున్నది ఆ ఏడాదే. తర్వాత లయ పోయింది, ఆడే మ్యాచ్‌లు తగ్గాయి, 2024లో వదిలేశారు. 4 కోట్లున్నవాడు జెద్దాలో 75 లక్షలకు కోల్‌కతాకు వెళ్లాడు, గాయంతో సీజన్ మొదలవకముందే జట్టు నుంచి తప్పుకున్నాడు. పాతికేళ్లకు ఇది. బ్యాటర్ ఫామ్ పోతే మళ్లీ వస్తుంది. ఒళ్లు విరిచి వేసే వేగం ఒకసారి పోతే, తిరిగి తెచ్చుకునే ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? ఇప్పుడున్న హిసాబ్ ప్రకారం అతనూ, అతని అమ్మీ అబ్బా. కొడుకును అకాడమీలో చేర్పించాలని ఫీజు గురించి నన్ను ఫోన్లో అడిగే మన బహెన్‌లకు నేను ముందు చెప్పే పేరు సిరాజ్ కాదు, ఉమ్రాన్. ఆపమని కాదు, బౌలింగ్‌తో పాటు డిగ్రీ కూడా చేయించమని.

2025 డిసెంబర్ 16న అబుధాబిలో మళ్లీ వేలం జరిగింది. పర్సు 120 నుంచి 125కి పెంచారు, టీమ్‌కు ఐదు కోట్లు. ఏ బౌలర్‌నూ అడిగి పెంచలేదు. షమీని లక్నోకు పంపారన్న ఫార్వర్డ్ ఇంకా పంపేవాళ్లుంటే, కింద ఒక వరస కలిపి పంపండి: 2025లో తొమ్మిది మ్యాచ్‌లకు ఆరే వికెట్లు, పంజాబ్ మీద నాలుగు ఓవర్లకు 75 పరుగులు, అయినా లక్నో అతన్ని తీసుకున్నది అదే 10 కోట్లకు.